పుట్టగొడుగులో పుట్ట ఎక్కడ?

దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తాలో ఒకదానిపై ఒకటిగా వేలాడే కోచింగ్ సెంటర్ల బోర్డులను చూసినవారు, ఎల్.బి. నగర్ దాటి వనస్థలిపురం వైపు లేచిన అపార్టుమెంట్లను చూసినవారు తరచుగా ఒక మాట అంటుంటారు: "పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి." పత్రికలు కూడా ఇదే రాస్తాయి. విత్తేవాడు లేకుండా, నీరు పోసేవాడు లేకుండా, రాత్రికి రాత్రి ఎక్కడబడితే అక్కడ మొలిచినవని ఆ మాటకు భావం. ఈ పోలిక కోచింగ్ సెంటర్లకు ఎంతవరకు తగునో అటుంచితే, పుట్టగొడుగు విషయంలో మాత్రం అది న్యాయమైన మాట కాదు.

ఆ పేరునే ఒకసారి విడదీసి చూడండి. పుట్ట, గొడుగు. పుట్టమీద లేచిన గొడుగు గనుక అది పుట్టగొడుగు. అనగా అది ఎక్కడబడితే అక్కడ మొలిచేది కాదు, తన పుట్ట మీదనే మొలిచేది. తినదగినదాన్ని గుర్తించే మొదటి ఆనవాలును మన పూర్వులు ఆ పేరులోనే పెట్టి మనకు అప్పగించారు. నగరానికి వచ్చిన మనకు గొడుగు మిగిలింది, పుట్ట కనుమరుగయింది. వానలు పడగానే కాలనీ పచ్చికలోనూ, ఇంటి పెరటిలోనూ, చెట్టు మొదట్లోనూ లేచిన ప్రతి తెల్ల గొడుగునూ మనం అదే పేరుతో పిలుస్తున్నాము. ప్రమాదమంతా అక్కడే ఉంది.

ఈ విషయం రాయవలసిన అవసరం మాకు ఒక ప్రశ్న వలన కలిగింది. ప్రతి వానాకాలంలో తల్లులు, విద్యార్థులు మమ్మల్ని అడుగుతూ ఉంటారు: "హజ్రత్, పుట్టగొడుగు మన్న్ కోవలోనిదని హదీసులో ఉంది కదా, మా పెరటిలో మొలిచినవాటిని వండుకోవచ్చునా?" ప్రశ్న చిన్నదే. కాని దీనికి తొందరపడి ఇచ్చిన జవాబు ఒక పసిబిడ్డ ప్రాణం మీదికి రావచ్చును. కనుక ముందు అసలైన పుట్టగొడుగులు ఏవో, వాటి వంశం ఏమిటో తెలుసుకుని, ఆ తరువాత హదీసు మాటకు వద్దాము.

పుట్టలోని తోట

లోకం చీమల పుట్ట అన్నా, పాముల పుట్ట అన్నా, దాన్ని కట్టింది చెదపురుగులే. తొలకరి జల్లులకు దీపం చుట్టూ ముసిరే ఉసిళ్లు కూడా ఆ చెదపురుగులే. రెక్కలు వచ్చి, కొత్త కాపురం పెట్టుకోవడానికి పుట్ట విడిచి బయలుదేరినవి. హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం) చేతికర్రను లోలోపల తొలిచివేసిన నేలపురుగు ప్రస్తావన దివ్యఖుర్ఆన్‌లోని సబా సూరాలో ఉంది. అది చెదపురుగేనని వ్యాఖ్యాతలు వివరించారు. కర్రను తినే ప్రాణిగానే మనం దాన్ని ఎరుగుదుము. అది వ్యవసాయం కూడా చేస్తుందని ఎరిగినవారు తక్కువ.

మన దక్కను నేలల్లో గోపురాల్లాంటి పుట్టలు కట్టే చెదపురుగులు ఎండుటాకులు, పుల్లలు, గడ్డి కొరికి మింగి, లోపలికి చేరి, దాన్ని సగం జీర్ణమైన ముద్దగా విసర్జించి పేరుస్తాయి. ఆ ముద్దలు కలిసి అక్రోటు గింజలా ముడతలు పడిన ఒక తుట్టె అవుతుంది. ఆ తుట్టెలో ఒక శిలీంధ్రం పెరుగుతుంది. పురుగు తనంతట తాను అరిగించుకోలేని గట్టి పీచును ఆ శిలీంధ్రం మెత్తబరుస్తుంది. అందుకు ప్రతిఫలంగా పురుగు దానికి నీడను, తేమను, ఎప్పటికప్పుడు కొత్త మేతను సమకూర్చుతుంది. ఇతర బూజులు చొరబడకుండా కాపలా కాస్తుంది. తుట్టెమీద తెల్లని పూసల్లా లేచే ముద్దలు పుట్టలోని ప్రాణులకు ఆహారం.

ఈ వ్యవసాయం ఆఫ్రికాలో సుమారు 3 కోట్ల సంవత్సరాల క్రితం మొదలైందని శాస్త్రజ్ఞుల అంచనా. మానవుడు నాగలి పట్టి పన్నెండు వేల ఏండ్లు కూడా సరిగ్గా కాలేదు. విత్తేవాడు లేకుండా మొలిచిందని మనం తేలికగా మాట్లాడే పుట్టగొడుగు వెనుక ఇంత పాత రైతాంగం ఉంది. ఆ రైతులు మనుషులు కారు, అంతే భేదం.

వానలకు నేల తడిసినప్పుడు ఆ శిలీంధ్రం పుట్టలోపలినుండి వెలుపలికి గొడుగు ఎత్తుతుంది. గొడుగు అడుగున పుస్తకపు పుటల్లా వరుసగా ఉండే పొరలనుండి సన్నని పొడివంటి సిద్ధబీజాలు రాలుతాయి. చాలా జాతుల్లో కొత్త కాపురం పెట్టిన చెదపురుగుల సంతతి ఈ సిద్ధబీజాలను బయటినుండి తెచ్చుకునే తన తోటను ప్రారంభిస్తుంది. ఒక పుట్ట ఎత్తిన గొడుగు మరొక పుట్టకు విత్తనం అవుతుంది.

ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రోజర్ హైమ్ 1942లో ఈ వంశానికంతటికీ టెర్మిటోమైసిస్ అని పేరు పెట్టాడు. ఆ మాటకు చెదపురుగు శిలీంధ్రం అని అర్థం. తెలుగువాడు పుట్టగొడుగు అని ఏనాడో పెట్టుకున్న పేరు కూడా ఇంచుమించు అదే భావం గలది. ఈ వంశం ఆసియా, ఆఫ్రికా ఖండాలది. అందులో జాంబియా దేశంలో మొలిచే ఒక జాతి గొడుగు 1 మీటరు వెడల్పు వరకు విచ్చుకుంటుంది. అదే వంశంలో అంగుళం మించని గొడుగులూ ఉన్నాయి. మన దక్షిణ దేశంలో దొరికే జాతుల్లో రెండింటిని అన్నదమ్ములుగా పక్కపక్కన నిలబెట్టి చూడవచ్చును.

అన్న: నేల లోతునుండి వచ్చినవాడు

పెద్దవాని పేరు టెర్మిటోమైసిస్ హైమై. మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన శాస్త్రజ్ఞుడు నటరాజన్ దక్షిణ భారతదేశపు నమూనాలను పరిశీలించి, 1979లో ఈ జాతిని వేరుగా గుర్తించి, రోజర్ హైమ్ గౌరవార్థం ఈ పేరు పెట్టారు. అంతకు ఎన్నో తరాల ముందునుండీ మన పల్లెజనం దీన్ని ఎరుగుదురు, వండుకుందురు. శాస్త్రం దీనికి పేరు పెట్టింది మాత్రం నిన్నమొన్ననే.

దీని గొడుగు అరచేతి వెడల్పుకు విచ్చుకుంటుంది. రంగు తెలుపు. నడినెత్తిన బూడిద కలిసిన గోధుమ వన్నెలో గట్టిగా ఒక మొన ఉంటుంది. కాడకు పైభాగాన ఉంగరంవంటి దళసరి పట్టీ ఉంటుంది. అది కాడనంటుకొని కదలకుండా ఉంటుంది. అయితే దీని అసలు గుర్తు నేలపైన కనిపించదు. జాగ్రత్తగా మట్టి తవ్వుకుంటూ పోతే కాడ నేలలోనికి వేరులా సన్నబడుతూ, జానెడు లోతుకు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి, దిగిపోతుంది. ఆ తోక చివర చెదపురుగుల తుట్టెను అంటి ఉంటుంది. నెత్తిమీది మొన కూడా అలంకారం కోసం కాదు. గట్టి నేలను లోపలినుండి ఛేదించుకుని పైకి రావడానికి అది ములుకువలె పనిచేస్తుంది.

చేత్తో పట్టి లాగినవానికి సగం కాడ మాత్రమే వస్తుంది, తోక నేలలో ఉండిపోతుంది. ఆ విధంగా పీకినదానిలో అసలు ఆనవాలు పోతుంది. అందుకే పల్లెల్లో తెలిసినవారు దీన్ని లాగరు, పుల్లతో చుట్టూ తవ్వి తీస్తారు.

తమ్ముడు: బయటికి మోయబడినవాడు

చిన్నవాని పేరు టెర్మిటోమైసిస్ మైక్రోకార్పస్. చిన్న ఫలం గలదని అర్థం. 1871లో శ్రీలంక నమూనాలనుబట్టి బర్క్‌లీ, బ్రూమ్ అనే ఇద్దరు ఆంగ్లేయులు దీన్ని మొదట వర్ణించారు. వారిలో బర్క్‌లీ క్రైస్తవ మతగురువు. మతవిద్య చదివినవాడు మట్టిలోని సృష్టిని కూడా చదవగలడని చూపిన వ్యక్తి.

ఈ జాతి గొడుగు 2 సెంటీమీటర్లకు అటూ ఇటుగా మాత్రమే ఉంటుంది. రంగు అన్నదే, తెలుపు. నడినెత్తిన చిన్న మొన కూడా ఉంటుంది. కాని కాడకు పట్టీ ఉండదు. నేలలోనికి దిగే పొడవాటి తోకా ఉండదు. దీనికి కారణం వింతైనది. ఈ జాతిని పెంచే చెదపురుగులు వానాకాలంలో తమ తుట్టె ముక్కలను తామే మోసుకొచ్చి పుట్ట చుట్టూ నేలమీద పరుస్తాయి. ఆ ముక్కలపైనే ఈ చిన్న గొడుగులు వందల సంఖ్యలో, ఉప్పు చల్లినట్లు, ఒకేసారి లేస్తాయి. అన్నగారు నేలను చీల్చుకుని తానే పైకి వచ్చాడు, తమ్ముణ్ణి ఇంటివారే ఎత్తుకుని బయట కూర్చోబెట్టారు. పైకి వచ్చే దారి వేరైనందున రూపం వేరయింది. లోతునుండి రానవసరం లేనివానికి తోక ఎందుకు?

ఇద్దరికీ సామాన్యమైన గుర్తు ఒకటి ఉంది. గొడుగులను కాగితంపై బోర్లించి రాత్రంతా ఉంచితే రాలే సిద్ధబీజాల పొడి ఇద్దరిదీ లేత గులాబి రంగు. ఇద్దరూ తినదగినవారే. పల్లెల్లో పెద్దవానిని లెక్కపెట్టి, చిన్నవానిని గంపకెత్తి తెచ్చుకుంటారు. ఇద్దరినీ ఇంతవరకు ఎవరూ పుట్ట లేకుండా అంగడికి సరిపడేటట్లు పండించలేకపోయారు. పెంచే విద్య చెదపురుగు చేతిలోనే ఉండిపోయింది.

ఇక్కడ చదువరులు ఒక విషయాన్ని గమనించాలి. "పొడవాటి తోక ఉంటేనే అసలు పుట్టగొడుగు" అని సూత్రం పెట్టుకుంటే తమ్ముడు ఇంటివాడు కాకుండా పోతాడు. "తోక లేకపోయినా ఫరవాలేదు" అని సడలించుకుంటే బయటివారు లోపలికి వస్తారు. ఒకే తల్లి బిడ్డలను గుర్తించడానికి సైతం ఒకే కొలత చాలలేదు. ఇక సంబంధం లేనివానిని ఒక్క గుర్తుతో పట్టుకోగలమా?

వేషం వేసుకున్న పొరుగువాడు

ఆ సంబంధం లేనివాడే మన కాలనీల పచ్చికలో మొలిచేవాడు. పేరు క్లోరోఫిల్లమ్ మోలిబ్డైటిస్. ప్రపంచంలోని వెచ్చని ప్రాంతాలన్నింటిలో, మన దేశంలోనూ, వాన పడిన తరువాత పార్కుల్లో, మైదానాల్లో, ఎరువు వేసిన పెరళ్లలో ఒక్కొక్కసారి వలయాకారంగా లేస్తుంది. అమెరికాలో జనం పొరపాటున తిని అనారోగ్యం పాలయ్యే విషపు పుట్టగొడుగులలో దీనిదే ముందుస్థానం. ఇది మన అన్నదమ్ముల వంశంలోనిది కాదు. చెదపురుగుతో దీనికి ఏ లావాదేవీ లేదు.

కాని రూపంలో పెద్దన్నను తలపిస్తుంది. పెద్దది, తెల్లనిది, నడుమ గోధుమ రంగు, కాడకు ఉంగరం. అంగట్లో పక్కపక్కన పెడితే తెలియనివాడు ఇదే ఇంకా అందంగా ఉందని దీన్నే ఎంచుకుంటాడు. తేడాలు దగ్గరగా చూసినవానికే తెలుస్తాయి. నడుమనున్న గోధుమ రంగు ఇక్కడ గట్టి మొన కాదు, పెచ్చులుగా చిట్లిన పొలుసులు. కాడమీది ఉంగరం ముదిరిన తరువాత పైకీ కిందికీ జారుతుంది. కాడ అడుగున ఉబ్బు ఉంటుందే గాని లోతుకు దిగే తోక ఉండదు. అన్నిటికంటే ముఖ్యమైనది సిద్ధబీజాల రంగు. కాగితంపై రాలిన పొడి గులాబి కాదు, ఆకుపచ్చ. ముదిరిన గొడుగు అడుగున పొరలు కూడా పచ్చబారుతాయి. అయితే లేత గొడుగులో ఆ పొరలు తెల్లగానే ఉంటాయి. కూరకు జనం కోరేది లేతవాటినే కదా! వాని గుట్టు బయటపడక ముందే అవి గిన్నెలోనికి చేరుతాయి.

దీన్ని తిన్నవారికి సాధారణంగా మూడు గంటలలోపు కడుపునొప్పి, తీవ్రమైన వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. ఒక్కొక్కసారి విరేచనంలో రక్తం పడుతుంది. పెద్దవారు చికిత్సతో కోలుకుంటారు. పసిపిల్లల ఒంటినుండి నీరు త్వరగా పోతుంది గనుక వారికి అపాయం ఎక్కువ. పచ్చికలో ఆడుకుంటూ దీన్ని తుంచి నోట్లో పెట్టుకునేది కూడా వారే. ఎల్.బి. నగర్ పరిసర కాలనీల్లో పార్కుకు పిల్లలను తీసుకువెళ్లే తల్లులు, దాదీలు, నానీలు వానలు తగ్గేవరకు ఈ ఒక్క సంగతిపై కన్నేసి ఉంచడం మంచిది. మొలిచినదాన్ని చేతికి సంచి తొడుక్కుని తీసి చెత్తలో వేసి, సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలును. ముట్టుకున్నంత మాత్రాన విషం ఎక్కదు.

పల్లె మాటలో ఈ భేదానికి కూడా పేరుంది. తినదగినది పుట్టగొడుగు, తినరానిది కుక్కగొడుగు. ఈ రెండో మాట నగరంలో దాదాపు వినబడకుండా పోయింది. ఒక మాట పోయినప్పుడు దానితో పాటు ఒక హెచ్చరిక కూడా పోతుంది.

పనికిరాని పరీక్షలు

విషాన్ని పసిగట్టడానికి లోకంలో అనేక పరీక్షలు ప్రచారంలో ఉన్నాయి. వండేటప్పుడు వెండి చెంచా వేస్తే నల్లబడుతుందని కొందరు, వెల్లుల్లి రంగు మారుతుందని కొందరు, పురుగు తిన్నదాన్ని మనిషీ తినవచ్చునని మరికొందరు చెబుతారు. ఇవన్నీ నిరాధారమైనవి. వెండిని నల్లబరచని ప్రాణాంతక విషాలున్నాయి. మనిషి కాలేయాన్ని పాడుచేసే గొడుగును నత్తలు, పురుగులు హాయిగా తింటాయి. ఉడికిస్తే విషం విరుగుతుందన్న నమ్మకం కూడా ప్రమాదకరమే. కొన్ని విషాలు ఎంత ఉడికించినా చెక్కుచెదరవు.

పుట్ట పక్కన మొలిచింది గనుక నిర్భయంగా తినవచ్చునని అనుకోవడం కూడా పొరపాటే. పుట్టలపై ఇతర శిలీంధ్రాలు సైతం మొలుస్తాయి. చిన్న తెల్ల గొడుగులుగా గుంపులు గుంపులుగా లేచే జాతులు అనేకం ఉన్నాయి. తుట్టెతో సంబంధం ఉన్నదా లేదా అన్నదే ప్రశ్న గాని, పుట్టకు ఎన్ని అడుగుల దూరంలో ఉన్నది అన్నది కాదు.

పిల్లలకు నేర్పదలచినవారు సిద్ధబీజాల పరీక్షను ఇంట్లో చేయించవచ్చును. సగం తెలుపు, సగం నలుపు కాగితంపై విచ్చుకున్న గొడుగును కాడ తీసి బోర్లించి, పైన గిన్నె మూసి, తెల్లవారి చూస్తే ఆ పొడి గొడుగు ఆకారంలోనే అందమైన ముద్ర వేసి ఉంటుంది. అల్లాహ్ సృష్టిలోని సూక్ష్మాన్ని బిడ్డలకు చూపే మంచి పాఠమిది. అయితే ఇది చదువు కోసమే గాని వంట కోసం కాదు. గులాబి రంగు పొడి రాల్చే విషపు జాతులు కూడా లోకంలో ఉన్నాయి.

హదీసులోని 'కమ్ఆ' ఏది?

ఇప్పుడు ఆ ప్రశ్నకు వద్దాము. కమ్ఆ అనేది మన్న్ కోవకు చెందినదని, దాని రసంలో కంటికి స్వస్థత ఉందని మహనీయ ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) సెలవిచ్చినట్లు హజ్రత్ సయీద్ బిన్ జైద్ (రజియల్లాహు అన్హు) ఉల్లేఖించారు. ఇది బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్న ప్రామాణిక హదీసు. ఉర్దూ అనువాదాలలో కమ్ఆకు ఖుంబీ అని రాస్తారు. ఖుంబీ అంటే తెలుగులో పుట్టగొడుగు గదా అని మనవారు అనుకుంటారు. ఈ రెండు మెట్లు దిగేసరికి అరేబియా ఎడారిలోని వస్తువు వనస్థలిపురం పెరటికి వచ్చేసింది.

కమ్ఆ గొడుగు కానే కాదు. దానికి కాడ లేదు, పొరలు లేవు. చిన్న బంగాళాదుంపవలె నేలలోపలనే ఉండే శిలీంధ్రం అది. శరత్కాలపు వానలు కురిసిన తరువాత ఎడారిలో కొన్ని చిన్న పొదల వేళ్లను ఆశ్రయించి పెరుగుతుంది. నేల పైపొర కొద్దిగా ఉబ్బి పగిలితే ఆ ఆనవాలు పట్టి అరబ్బులు దాన్ని తవ్వి తీస్తారు. ఉరుములు ఎక్కువైన ఏడు అది ఎక్కువగా దొరుకుతుందని నమ్మి, అరబ్బులు దాన్ని ఉరుముల మొక్క అని కూడా పిలిచారు. ఉరుము ఉరిమితే పుట్టగొడుగులు లేస్తాయని మన తెలుగు పల్లెల్లోనూ అంటారు. ఇంత దూరపు రెండు జాతులకు ఒకే ఊహ తట్టడం ముచ్చటైన విషయం. అయినా ఊహ ఒకటైనంత మాత్రాన వస్తువు ఒకటి కాదు. నేలను చీల్చుకుని పైకి లేచే గొడుగులకు అరబీలో ఫుత్ర్ అని వేరే మాట ఉంది. అందులో ప్రాణం తీసే రకం ఉందని నిఘంటుకారులు హెచ్చరించారు కూడా.

మన్న్ కోవలోనిది అన్న మాటకు వ్యాఖ్యాతలు చేసిన వివరణ మాకు ఎంతో నచ్చినది. విత్తు నాటకుండా, నీరు పోయకుండా, దాసుని శ్రమ ఏమీ లేకుండా ప్రభువు ప్రసాదించిన ఆహారం గనుక దాన్ని మన్న్‌తో పోల్చారని వారంటారు. మనం "పుట్టగొడుగుల్లా" అని చులకన చేసే గుణాన్నే వారు అనుగ్రహంగా చూశారు. ఆ దృష్టితో చూస్తే మన పుట్టగొడుగు కూడా అనుగ్రహమే. అయితే అనుగ్రహం అన్న మాటకు గుడ్డిగా నోట్లో వేసుకోమని అర్థం కాదు. ప్రాణానికి హాని చేసేది తినకూడదన్నది ధర్మవేత్తలందరూ అంగీకరించిన సూత్రం. హలాల్ అయిన వంశంలోనిదే అయినా, విషమని తేలినదానికి అనుమతి లేదు.

మరొక మాట. కంటి జబ్బుకు పుట్టగొడుగు రసం పిండి వేయమని చెప్పే చిన్న చిన్న కరపత్రాలు వాడుకలో ఉన్నాయి. కమ్ఆ రసాన్ని ఒంటిగా వాడాలా, ఇతర మందులతో కలిపి వాడాలా అన్న విషయమై పూర్వపు వ్యాఖ్యాతలే చర్చించారు. ఎడారి కమ్ఆ విషయంలోనే ఇంత జాగ్రత్త పాటించగా, అంగట్లో కొన్న బటన్ పుట్టగొడుగు రసాన్ని, పెరటి గొడుగు రసాన్ని బిడ్డ కంట్లో పిండడం ఏ విధంగానూ సున్నత్ కాదు. కంటికి వైద్యుని వద్దకే వెళ్లాలి.

నగరంలో ఏం చేయాలి?

ఎల్.బి. నగర్‌కు ఆనుకునే, విజయవాడ రహదారి పక్కన మహావీర్ హరిణ వనస్థలి జాతీయ వనం ఉంది. ఒకప్పుడు నిజాం ప్రభువుల వేటస్థలం. జైన తీర్థంకరుడైన మహావీరుని 2500వ నిర్వాణోత్సవం సందర్భంగా 1975లో దానికి ఆ పేరు వచ్చింది. కృష్ణజింకలకు ప్రసిద్ధమైన పొదల అడవి అది. అటువంటి నేలల్లో వానాకాలం ఎన్నో శిలీంధ్రాలు లేస్తాయి. పిల్లలతో వెళ్లి కంటితో చూసి ఆనందించవచ్చును గాని, ఏదీ కోసి తేరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం జాతీయ వనంనుండి అనుమతి లేకుండా ఏ వస్తువునూ తీసుకుపోవడాన్ని నిషేధిస్తుంది.

ఇక ఇంటి ఆవరణలో నిజంగానే చెదపుట్ట ఉండి, నిజమైన పుట్టగొడుగే మొలిచిందనుకుందాము. అప్పుడు కూడా మేము వద్దనే అంటాము. నగరంలో ఇల్లు కట్టేటప్పుడు పునాదిలోనూ, తరువాత గోడల చుట్టూనూ చెదల మందు పోయించడం పరిపాటి. శిలీంధ్రాలు నేలలోని లోహాలను, రసాయనాలను తమలోనికి పీల్చుకోగలవు. రహదారి పక్కన, మురుగు పారిన చోట మొలిచినవాటికీ ఇదే వర్తిస్తుంది. జాతి మంచిదైనా నేల చెడినప్పుడు పంట మంచిది కాదు.

తినాలన్న కోరిక ఉన్నవారికి నిశ్చింతైన దారి ఉంది. అంగళ్లలో పాల పుట్టగొడుగు అనే పేరుతో దొరికే దళసరి తెల్లని రకాన్ని అడగండి. పశ్చిమ బెంగాల్‌లో దొరికిన ఈ జాతిని 1974లో శాస్త్రజ్ఞులు వర్ణించారు. మన వేడిని తట్టుకుని పెరుగుతుంది గనుక దక్షిణాదిన విరివిగా సాగవుతున్నది. విశేషమేమంటే ఇది మన అన్నదమ్ముల కుటుంబానికే చెందినది. పినతండ్రి బిడ్డ అనవచ్చును. పుట్టలో పుట్టనిది, మనిషి పెంపకానికి లొంగినది. దీన్నీ బాగా ఉడికించే తినాలి. మొదటిసారి తినేవారు కొద్దిగానే తినడం మంచిది.

పల్లెనుండి బంధువులు పుట్టగొడుగులు పంపినప్పుడు వాటిని ఏరినదెవరు, ఎక్కడ ఏరారు, వారికి ఎన్నేళ్ల అనుభవం అని అడగడంలో మొహమాటం వద్దు. హదీసు వినిపించినవానిని "ఎవరి నోట విన్నావు?" అని అడగడం మన విద్యలో అమర్యాద కాదు, అదే విద్యకు పునాది. ప్రాణం మీదికి రాగల ఆహారం విషయంలో ఆ ప్రశ్న ఇంకెంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు.

పొరపాటు జరిగితే

ఎవరైనా గుర్తు తెలియని పుట్టగొడుగు తిన్నారని తెలియగానే, లక్షణాలు కనిపించేవరకు ఆగకుండా దగ్గరి ఆసుపత్రికి తీసుకువెళ్లండి, లేదా 108కి ఫోన్ చేయండి. బలవంతంగా వాంతి చేయించకండి. మిగిలిన గొడుగును, లేదా కూరను, కాగితంలో చుట్టి వెంట తీసుకువెళ్లండి. ఏ సమయానికి తిన్నారో, ఎప్పుడు బాధ మొదలైందో వైద్యునికి చెప్పండి. ఈ రెండో సంగతి అత్యంత ముఖ్యమైనది. తిన్న రెండు మూడు గంటలలో మొదలైన వాంతులకంటె, ఆరు గంటలు దాటిన తరువాత మొదలైనవి ఎక్కువ భయంకరమైనవి. కాలేయాన్ని దెబ్బతీసే విషాలు ఆలస్యంగానే బయటపడతాయి. అటువంటివారు మరునాడు కొంచెం తేరుకున్నట్లు కనిపించి, ఆ తరువాత విషమిస్తారు. కనుక నెమ్మదించిందని ఇంటివద్ద ఉండిపోరాదు.

మా మద్రసాలో నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెలనుండి వచ్చిన పిల్లలున్నారు. ఉసిళ్లు లేచిన తరువాత పుట్ట దగ్గరికి ఎప్పుడు వెళ్లాలో, ఎలా తవ్వాలో, దేన్ని వదిలేయాలో వారిలో కొందరికి తెలుసు. తమ నానీల వెంట నడిచి నేర్చుకున్నామంటారు. నగరంలో పుట్టిన పిల్లలకు ఈ విద్య లేదు, దాన్ని పుస్తకంతో మాత్రమే అందించడం సాధ్యం కాదు. ఈ వ్యాసం చదివినవారు సైతం పుట్టగొడుగులను ఏరడానికి అర్హులు కాలేరు. ఏరకుండా ఉండటానికి తగిన కారణం మాత్రం వారికి దొరికింది.

ఈ వానాకాలం సెలవులకు ఊరికి వెళ్లినప్పుడు ఇంటి పెద్దవారిని పిల్లలకు ఒక పుట్ట చూపించమని కోరండి. పెద్ద గొడుగు తోక ఎంత లోతుకు దిగిందో, చిన్న గొడుగులు ఏ తుట్టె ముక్కమీద కూర్చున్నాయో వారి చేతనే తవ్వించి చూపించమనండి. ఆ మీదట ఎల్.బి. నగర్ పార్కులో తెల్లని గొడుగు కనిపించిన రోజున మీ బిడ్డ దాన్ని తుంచే ముందు "దీని పుట్ట ఏది అమ్మీ?" అని అడుగుతాడు.